మెషిన్ లెర్నింగ్ మోడల్‌ని లీన్ 4 కి ఎలా తగిలించాలి? లోపల పెట్టాలా, బయట నుంచి నడపాలా?

మీరు అడిగింది ఇదీ: పైథాన్‌లో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ట్రెయిన్ చేశారు, గోల్ (ఇంకా ప్రూవ్ చెయ్యాల్సిన స్టేట్‌మెంట్) ఇస్తే తర్వాత ఏ టాక్టిక్ (ప్రూఫ్‌ని ఒక అడుగు నడిపే కమాండ్) వెయ్యాలో చెప్తుంది, ఇప్పుడు దాన్ని లీన్ 4 కి (మ్యాథ్స్ ప్రూఫ్‌లు రాసి చెక్ చేసుకునే ప్రూవర్) కలపాలి, మోడల్‌ని లీన్ లోపలికి తీసుకెళ్లాలా లేక లీన్‌నే బయట నుంచి నడిపించాలా అని, పనిలో పనిగా కాక్ సంగతేంటని కూడా. నేను ఈ పని కొన్నేళ్లుగా చేస్తున్నా, మొదట కాక్ (లీన్ లాంటిదే ఇంకో ప్రూవర్) మీద, తర్వాత లీన్ మీద, కాబట్టి నా చేతులు కాలిన చోట్లు కూడా కలిపి చెప్తా, కాస్త పొడుగవుతుంది.

ముందు సూటిగా జవాబు: బయట నుంచి నడపండి. లీన్ ఒక ప్రాసెస్, మీ పైథాన్ ఇంకో ప్రాసెస్, మధ్యలో జేసాన్ (JSON) మెసేజ్‌లు. లీన్ కమ్యూనిటీ వాళ్ల రెపల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, దానితో మొదలుపెట్టండి, సొంతంగా రాయొద్దు. కెర్నల్ (ప్రూఫ్ సరైనదో కాదో చివరి తీర్పు చెప్పే లీన్ లోపలి భాగం) జోలికి అస్సలు వెళ్లొద్దు. ఇంకో మాట, ఇది మాత్రం గోడమీద రాసి పెట్టుకోండి: సెర్చ్ మధ్యలో "గోల్స్ ఏమీ మిగల్లేదు" అని వచ్చినంత మాత్రాన ప్రూఫ్ దొరికినట్టు కాదు. ప్రూఫ్ మొత్తం ఒక ఫైల్‌గా రాసి కొత్త ప్రాసెస్‌లో మొదట్నుంచీ కంపైల్ చేసి, పాసయితేనే లెక్క.

అసలు ఈ రెండూ ఎందుకు కలుస్తాయో ఒక్క ముక్క చెప్తా, ఎందుకంటే డిజైన్ అంతా దీని నుంచే వస్తుంది. మోడల్ ఊహిస్తుంది, తప్పులు చెప్తుంది, అది దాని స్వభావం. ప్రూవర్‌లో ఒక చిన్న కెర్నల్ ఉంటుంది, టాక్టిక్ ఎంత పిచ్చిదైనా సరే చివరికి తయారైన ప్రూఫ్ టర్మ్‌ని అది రూల్స్ ప్రకారం చూసి ఒప్పుకోవాలి. అంటే ఊహించేవాడిని నమ్మక్కర్లేదు, తీర్పు చెప్పేవాడిని నమ్మితే చాలు. ఈ ఆలోచన కొత్తదేం కాదు, 1970లలో ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ వాళ్లు ఎల్‌సీఎఫ్ ప్రూవర్ కట్టినప్పుడే థియరమ్ అనేదాన్ని ఒక మూసిన టైప్‌గా పెట్టారు, ఇన్ఫరెన్స్ రూల్స్ ఫంక్షన్‌ల ద్వారా తప్ప ఇంకెలాగా ఆ టైప్ విలువ తయారవదు. తమాషా ఏంటంటే ఆ ప్రూవర్‌లో టాక్టిక్స్ రాయడానికి పుట్టిన భాష పేరు కూడా ఎమ్‌ఎల్, మెటా లాంగ్వేజ్. పాత ప్రూవర్ వాళ్ల దగ్గర ఎమ్‌ఎల్ అంటే ఇప్పటికీ ముందు అదే గుర్తొస్తుంది, మీటింగుల్లో దీనివల్ల పది నిమిషాలు అడ్డంగా మాట్లాడుకున్న సందర్భాలున్నాయి.

సరే, పనిలోకి. రెపల్ ఎలా మాట్లాడుతుందో దగ్గరగా చూద్దాం. మీరు స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి ఒక జేసాన్ పంపిస్తారు, అందులో "cmd" అనే ఫీల్డ్‌లో లీన్ కోడ్ ఉంటుంది. అది రన్ చేసి ఒక ఎన్విరాన్‌మెంట్ నంబర్ తిరిగిస్తుంది. మొదటి కమాండ్‌లో మ్యాథ్‌లిబ్‌ని (లీన్ వాళ్ల పెద్ద మ్యాథ్స్ లైబ్రరీ) ఇంపోర్ట్ చేస్తే, ఆ ఒక్కసారే టైమ్ పడుతుంది, 0 నంబర్ వస్తుంది అనుకోండి, తర్వాత ప్రతి థియరమ్‌నీ "0 మీద నడుపు" అని పంపాలి. థియరమ్ రాసి ప్రూఫ్ చోట సారీ అని పెడితే (లీన్‌లో నిజంగానే ఆ పదమే వాడతారు, ఇక్కడ ప్రూఫ్ లేదు క్షమించండి అని) జవాబులో ఆ సారీ దగ్గర గోల్ ఏంటో టెక్స్ట్‌గా వస్తుంది, దాంతోపాటు ఒక ప్రూఫ్ స్టేట్ నంబర్. ఆ నంబర్ మీద ఒక టాక్టిక్ పంపితే కొత్త నంబర్, కొత్త గోల్స్. పాత నంబర్ అలాగే ఉంటుంది, చెరిగిపోదు. ఇది చాలా పెద్ద సుఖం, ఎందుకంటే వెనక్కి వెళ్లడమంటే పాత నంబర్‌కి ఇంకో టాక్టిక్ పంపడమే, ట్రీ సెర్చ్‌కి ఇంకేం కావాలి.

దీనివల్లే ఒక ఇబ్బంది కూడా ఉంది. స్టేట్లేవీ చెరగవు కాబట్టి మెమరీ పెరుగుతూనే పోతుంది. నేను మొదట్లో రాత్రి రన్ పెట్టి నిద్రపోయేవాణ్ణి, పొద్దున చూస్తే మెషిన్ మొత్తం ఈడ్చుకుంటూ ఉండేది. ఇప్పుడు ప్రతి కొన్ని వందల థియరమ్‌లకి ప్రాసెస్‌ని చంపి మళ్లీ లేపుతా. మ్యాథ్‌లిబ్ లోడ్ అయిన స్థితిని పికిల్ చేసి ఫైల్‌లో పెట్టుకునే వీలు రెపల్‌లోనే ఉంది, లేపడం మరీ నరకం కాదు.

ఇంకో రెండు చిల్లర విషయాలు, చిల్లరే గానీ నా రోజులు తినేశాయి. ప్రతి జేసాన్ తర్వాత ఒక ఖాళీ లైన్ పంపాలి, అది మర్చిపోతే రెపల్ ఇంకా ఏదో వస్తుందని కూర్చుంటుంది, మీరు జవాబు కోసం కూర్చుంటారు, ఇద్దరూ మర్యాదగా ఎదురుచూసుకుంటూ ఉంటారు. రెండోది స్టాండర్డ్ ఎర్రర్ పైప్. దాన్ని మీ పైథాన్ చదవకుండా వదిలేస్తే ఎప్పుడో ఆ బఫర్ నిండి లీన్ అక్కడే ఆగిపోతుంది. ఇది చిన్న టెస్టుల్లో బయటపడదు, మూడు గంటలు నడిచాక బయటపడుతుంది. ఒక థ్రెడ్ పెట్టి దాన్ని ఖాళీ చేస్తూ ఉండండి, లేదా ఫైల్‌లోకి మళ్లించండి.

టైమ్ లిమిట్ రెండు పొరలుగా పెట్టాలి. లీన్‌కి సొంతంగా హార్ట్‌బీట్స్ అనే లెక్క ఉంది, డిఫాల్ట్ 200000. ఇది సెకన్ల లెక్క కాదు, మెమరీ ఎన్నిసార్లు కేటాయించారన్న దాని లెక్క, అందుకే మీ లాప్‌టాప్‌లో ఆగిన టాక్టిక్ పెద్ద సర్వర్‌లో కూడా అదే చోట ఆగుతుంది, రిజల్ట్స్ మళ్లీ రాబట్టాలంటే ఇది చాలా మంచి పద్ధతి. కానీ ఇదొక్కటే నమ్ముకుంటే కుదరదు. మోడల్ ఎక్కడెక్కడి పిచ్చి టాక్టిక్‌లన్నీ కనిపెడుతుంది, పెద్ద నంబర్ల మీద డిసైడ్ టాక్టిక్ వేసి స్టాక్ పగలగొడుతుంది, కొన్ని పనులు హార్ట్‌బీట్ లెక్కలో సరిగ్గా పడవు. కాబట్టి బయట పైథాన్ వైపు గడియారం టైమ్‌అవుట్ కూడా ఉండాలి, దాటితే బతిమాలడాలు లేవు, ప్రాసెస్‌ని చంపెయ్యడమే. ప్రాసెస్ ఎప్పుడైనా చావొచ్చు అన్న ఊహతోనే మొత్తం కోడ్ రాయండి, తర్వాత అతికిస్తే అతకదు.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికొద్దాం, గోల్ టెక్స్ట్. మీ మోడల్ చూసేది లీన్ లోపలి స్టేట్‌ని కాదు, మనిషి చదువుకోడానికి అందంగా ప్రింట్ చేసిన దాన్ని. ఆ ప్రింట్‌లో చాలా సమాచారం పోతుంది. టైపులు దాచేస్తుంది, నేచురల్ నంబర్‌ని రియల్‌గా మార్చిన చోట చిన్న పైబాణం గుర్తు మాత్రమే మిగులుతుంది. ప్రింటైన దాన్ని తిరిగి లీన్‌కి ఇస్తే అదే టర్మ్ వస్తుందన్న గ్యారంటీ లేదు. అన్నింటికన్నా ఎక్కువ ఏడిపించేది శిలువ గుర్తు ఉన్న పేర్లు. లీన్ తనంతట తాను పెట్టిన హైపోథెసిస్ పేరు పక్కన ✝ వేస్తుంది, అంటే "ఈ పేరు నీకు అందదు" అని అర్థం. మోడల్‌కి అది తెలీదు కదా, ఎదురుగా కనిపిస్తోంది కాబట్టి ఆ పేరునే శిలువతో సహా టాక్టిక్‌లో రాసేస్తుంది, లీన్ ఎర్రర్ కొడుతుంది. నేను ఒకసారి ఫెయిలైన టాక్టిక్స్ లాగ్ తిరగేస్తే ఎక్కడ చూసినా ఇదే గోల. దీనికి మందులు రెండు: రీనేమ్_ఐ టాక్టిక్‌తో ముందే మామూలు పేర్లు పెట్టేసి అప్పుడు మోడల్‌కి చూపించడం, లేదా టాక్టిక్ హైజీన్ ఆప్షన్‌ని ఆఫ్ చెయ్యడం. రెండోది సులువు, కానీ ట్రెయినింగ్ డేటా తీసినప్పుడు ఏ సెట్టింగ్ ఉందో వాడేటప్పుడూ అదే ఉండాలి, లేకపోతే మోడల్ ఎప్పుడూ చూడని రకం టెక్స్ట్ చూస్తుంది.

గోల్స్‌ని ముక్కలు చేసి విడివిడిగా ప్రూవ్ చెయ్యొచ్చని అనుకోవద్దు. ఇది అందరూ చేసే తప్పు, నేనూ చేశా, ఒక ఉదాహరణ చెప్తా వినండి. గోల్ 5 ≤ 3 అనుకోండి, పచ్చి అబద్ధం. దానిమీద ట్రాన్సిటివిటీ లెమ్మాని (a ≤ b, b ≤ c అయితే a ≤ c అని ముందే ప్రూవ్ చేసిపెట్టిన చిన్న థియరమ్) అప్లై చేస్తే రెండు గోల్స్ వస్తాయి: 5 ≤ ?, ఇంకోటి ? ≤ 3. ఆ ప్రశ్నార్థకం ఇంకా తేలని మెటావేరియబుల్, రెండు గోల్స్‌లోనూ ఉన్నది ఒక్కటే. నేను స్పీడ్ కోసమని రెండింటినీ రెండు వర్కర్‌లకి పంచా. మొదటి వర్కర్ ప్రశ్నార్థకం చోట 5 పెట్టి, 5 ≤ 5 కాబట్టి అయిపోయింది అంది. రెండోది దాని చోట 3 పెట్టి, 3 ≤ 3 అయిపోయింది అంది. ఇద్దరూ పని ముగించారు, నా కోడ్ 5 ≤ 3 ప్రూవ్ అయిందని ప్రకటించింది! నిజంగా ఒక ఫైల్‌గా కంపైల్ చేస్తే మాత్రం లీన్ ఛీ కొట్టింది, అది దాని డ్యూటీ. మెటావేరియబుల్ పంచుకోని గోల్స్‌ని విడగొట్టడంలో తప్పులేదు, పంచుకున్నవాటిని కలిపే ఉంచాలి. ఈ ముడిని పద్ధతిగా చూసుకోడానికే ప్యాంటోగ్రాఫ్ అనే ఇంటర్‌ఫేస్ వచ్చింది, మీరు ట్రీ సెర్చ్ సీరియస్‌గా చెయ్యబోతుంటే రెపల్ తర్వాత అది చూడండి, పైథాన్ వైపు లైబ్రరీ కూడా ఉంది.

ఇంకో కథ, ఇదైతే నాకు ఇప్పటికీ సిగ్గే. రీఇన్‌ఫోర్స్‌మెంట్ పెట్టి మోడల్‌ని దాని ప్రూఫ్‌ల మీదే మళ్లీ ట్రెయిన్ చేస్తున్నా. ఒక రోజు సక్సెస్ రేట్ ఒక్కసారిగా పైకి లేచింది. ఎగిరి గంతేసి టీమ్‌లో అందరికీ మెసేజ్ పెట్టేశా. మధ్యాహ్నం తీరిగ్గా ప్రూఫ్‌లు చదువుతుంటే అన్నీ ఒకటే లైన్, అప్లై పక్కన ప్రశ్నార్థకం ఉన్న టాక్టిక్. అది మనిషికి సలహాలు ఇవ్వడానికి ఉన్న టాక్టిక్, సలహాలు ప్రింట్ చేసి గోల్‌ని సారీతో మూసేస్తుంది. గోల్స్ లిస్ట్ ఖాళీ, ఎర్రర్ లేదు, వార్నింగ్ ఒక్కటే. నేను ఎర్రర్లు చూస్తున్నా గానీ వార్నింగ్‌లు చూడట్లేదు. మోడల్‌ని తప్పు పట్టడానికి లేదు, తలుపు నేనే తీసిపెట్టా. పొద్దున పెట్టిన మెసేజ్‌ని సాయంత్రం వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

అప్పట్నుంచి నా చివరి చెక్ ఇలా ఉంటుంది. ఫైల్ కొత్తగా కంపైల్ అవ్వాలి, థియరమ్ స్టేట్‌మెంట్ నేనిచ్చినదే అక్షరం మారకుండా ఉండాలి, ఆ తర్వాత ప్రింట్ యాక్సియమ్స్ కమాండ్ కొట్టి ఏ యాక్సియమ్‌ల మీద నిలబడిందో చూడాలి. మామూలు మ్యాథ్‌లిబ్ ప్రూఫ్‌లో ప్రాప్‌ఎక్స్‌ట్, క్లాసికల్ చాయిస్, కోషంట్ సౌండ్ ఈ మూడు వస్తాయి, ఇవి మించి ఇంకేం కనిపించినా పక్కన పెట్టాలి. సారీ వాడితే సారీఏఎక్స్ అని దొరికిపోతుంది. నేటివ్_డిసైడ్ టాక్టిక్ వాడితే కంపైలర్‌ని నమ్మే యాక్సియమ్ ఒకటి అదనంగా కనిపిస్తుంది, అది తప్పని కాదు గానీ అప్పుడు మీరు నమ్ముతున్నది చిన్న కెర్నల్‌ని కాదు, మొత్తం కంపైలర్‌ని. నేనైతే ఒప్పుకోను.

దీనికి కూడా దొరకని తప్పు ఒకటుంది, స్టేట్‌మెంటే తప్పుగా రాసుకోవడం. లీన్‌లో నేచురల్ నంబర్లలో 2 - 3 అంటే 0, ఏ నంబర్‌నైనా సున్నాతో భాగిస్తే 0. మీరు ఇంగ్లిష్ లెక్కల్ని ఆటోమేటిగ్గా లీన్‌లోకి మార్చి మోడల్‌కి ఇస్తే, అది ఇలాంటి సందుల్లోంచి ప్రూవ్ చేసేస్తుంది, కెర్నల్ కూడా ఓకే అంటుంది, ఎందుకంటే రాసిన స్టేట్‌మెంట్ నిజమే, మీరు అనుకున్నది వేరే. ఇక్కడ మనిషి కన్ను తప్ప దారి లేదు.

లెమ్మాలు వెతకడం గురించి. మీది చిన్న మోడల్ అన్నారు కాబట్టి ఇది మీకు ముఖ్యం. మ్యాథ్‌లిబ్‌లో లక్షల్లో డిక్లరేషన్‌లు, ఏ చిన్న మోడల్ అయినా పేర్లన్నీ గుర్తుపెట్టుకోలేదు, సగం గుర్తుండి సగం కల్పిస్తుంది, కల్పించిన పేర్లు వినడానికి ఎంత బాగుంటాయంటే ఉండాల్సిన లెమ్మానే కదా లేదేంటి అని మనకే డౌటొస్తుంది. అందుకే ముందు గోల్‌కి దగ్గరగా ఉన్న లెమ్మాలు ఒక రిట్రీవర్‌తో తీసి వాటిని గోల్‌తో కలిపి మోడల్‌కి ఇవ్వాలి. 2023లో వచ్చిన లీన్‌డోజో వాళ్ల రీప్రూవర్ చేసేది ఇదే, ట్రెయినింగ్ కూడా ఒక్క జీపీయూ మీద వారంలో అయ్యే పని, మీ స్థాయికి సరిగ్గా సరిపోయే మోడల్.

వాళ్ల దగ్గర్నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. మ్యాథ్‌లిబ్ నుంచి 98,734 థియరమ్‌లు తీసి రెండు రకాలుగా విడగొట్టారు. ఊరికే కలిపి పంచితే రీప్రూవర్ 51.2 శాతం ప్రూవ్ చేసింది, ట్రెయినింగ్‌లో ఎప్పుడూ వాడని లెమ్మా కనీసం ఒకటి కావాల్సిన థియరమ్‌లనే టెస్ట్‌లో పెడితే 26.3 కి పడిపోయింది. మోడల్ అదే, పద్ధతి అదే, పరీక్ష పేపర్ ఇచ్చిన తీరే మారింది. లైబ్రరీల్లో ఒకే ప్రూఫ్ నాలుగు చోట్ల కొద్ది తేడాతో ఉంటుంది, ఒకటి ట్రెయినింగ్‌లో పడి ఇంకోటి టెస్ట్‌లో పడితే మోడల్ కాపీ కొట్టినా మనం తెలివి అనుకుంటాం. కాబట్టి ఎవరైనా శాతాలు చెప్తే ముందు ఎలా విడగొట్టారని అడగండి, మీరు చెప్పేటప్పుడూ చెప్పండి.

ఇప్పుడు మీ ప్రశ్నలో మొదటి సగం, మోడల్‌ని లోపల పెట్టడం. ఇది తప్పు దారి కాదు, వేరే అవసరానికి. మనిషి ఎడిటర్‌లో కూర్చుని ప్రూఫ్ రాసుకుంటుంటే పక్కనుంచి సాయం చెయ్యాలంటే లోపలే ఉండాలి. లీన్ కోపైలట్ అలాంటిదే, లీన్ టాక్టిక్‌గానే పిలవొచ్చు, వెనకాల సీ ప్లస్ ప్లస్ ద్వారా మోడల్ నడుస్తుంది. ఇజబెల్ అనే ఇంకో ప్రూవర్‌లో అయితే స్లెడ్జ్‌హ్యామర్ అనే టూల్ ఇలాంటి సాయం చాలా ముందునుంచే చేస్తోంది, 2013లో దానికి మ్యాష్ అనే లెర్నింగ్ ముక్క తగిలించారు, ఏ లెమ్మాలు పనికొస్తాయో పాత ప్రూఫ్‌లు చూసి నేర్చుకుంటుంది, న్యూరల్ నెట్ కూడా కాదది, అయినా రోజూ వాడేవాళ్లకి దాని విలువ తెలుసు. కానీ ట్రెయినింగ్, వేల థియరమ్‌ల మీద టెస్టింగ్, మోడల్ రోజుకోసారి మార్చడం, ఇవన్నీ లోపల నుంచి చెయ్యాలంటే తలప్రాణం తోకకొస్తుంది. బయట పనిచేసి తేలాక అప్పుడు లోపలికి తీసుకెళ్లండి.

కాక్ గురించి కూడా అడిగారు కాబట్టి (2025 నుంచి దాని పేరు రాక్), అక్కడ బయటి ప్రోగ్రామ్‌లు కాక్‌తో మాట్లాడటానికి సెర్‌ఏపీఐ ఉండేది, ఎస్-ఎక్స్‌ప్రెషన్‌లతో మాట్లాడేది, కొత్తగా మొదలుపెడితే ఇప్పుడు కాక్-ఎల్‌ఎస్‌పీ వైపు చూడండి. డేటా కావాలంటే 2019 నాటి కాక్‌జిమ్‌లో 123 ప్రాజెక్ట్‌ల నుంచి 71 వేల ప్రూఫ్‌లున్నాయి, పాతదైనా నేర్చుకోడానికి పనికొస్తుంది.

ఒక్కో టాక్టిక్ అడగడం కన్నా మొత్తం ప్రూఫ్ ఒకేసారి రాయించుకోవడం మేలు కాదా అని కామెంట్‌లో ఇంకొకరు అడిగారు. పెద్ద మోడల్ ఉంటే మేలే, ప్లంబింగ్ కూడా సులువు, ఫైల్ రాయి, కంపైల్ చెయ్యి, ఎర్రర్ మెసేజ్ తిరిగివ్వు. చిన్న మోడల్‌తో మాత్రం అడుగడుగునా స్టేట్ చూపిస్తూ సెర్చ్ చెయ్యడమే నాకు బాగా పనిచేసింది. పెద్ద కంపెనీలకి కూడా సెర్చ్ తప్పలేదు, 2024 అంతర్జాతీయ మ్యాథ్స్ ఒలింపియాడ్ లెక్కల్లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాప్రూఫ్, ఆల్ఫాజామెట్రీ 2 కలిసి 42 కి 28 పాయింట్లు తెచ్చుకున్నాయి, ఆల్ఫాప్రూఫ్ లీన్ మీదే నడిచింది, అయితే లెక్కల్లో కొన్నింటికి మూడు రోజుల దాకా పట్టింది.

మీరు రేపు కూర్చుని చెయ్యాల్సింది ఏంటంటే, మీ మోడల్‌ని పక్కన పెట్టి, దాని చోట ఒక తెలివితక్కువ బొమ్మని పెట్టండి: ఏ గోల్ వచ్చినా సింప్, ఒమేగా, రింగ్, లిన్‌అరిత్, నార్మ్_నమ్, ఈసాప్ అనే ఈ రెడీమేడ్ టాక్టిక్‌లే వరసగా చెప్పే పది లైన్ల ఫంక్షన్. దానితో ఒక రాత్రంతా కొన్ని వందల థియరమ్‌ల మీద నడవనివ్వండి. హ్యాంగ్ అవ్వడాలు, మెమరీ, చచ్చిన ప్రాసెస్‌లు, అబద్ధపు ప్రూఫ్‌లు, అన్నీ అక్కడే బయటపడతాయి, మోడల్ మీద అనుమానం లేకుండా. పైగా ఆ బొమ్మ తెచ్చిన స్కోరే మీ బేస్‌లైన్, దాన్ని దాటడం మీరు అనుకున్నంత తేలిక కాదు, నా మొదటి మోడల్ దాటలేదు.

ఒక్క విషయం మీరు చెప్పలేదు, ట్రెయినింగ్ డేటా ఏ వెర్షన్ నుంచి తీశారని. మ్యాథ్‌లిబ్ మొత్తం లీన్ 3 నుంచి 4 కి మారడం 2023లో పూర్తయింది, అంతకుముందు డేటా అయితే లెమ్మా పేర్లు, సింటాక్స్ అన్నీ వేరు, మోడల్ బిగిన్-ఎండ్ అని రాస్తుంటే అదే కారణం. లీన్ 4 డేటానే అయినా టూల్‌చెయిన్ ఫైల్‌లో ఉన్న వెర్షన్, మ్యాథ్‌లిబ్ కమిట్ రెండూ డేటా తీసినప్పటివే పెట్టి నడపండి, లెమ్మా పేర్లు అక్కడ నెలనెలా మారుతుంటాయి. ఏ వెర్షనో కింద రాస్తే, రెపల్‌లో దానికి సరిపోయే ట్యాగ్ ఏదో చూసి చెప్తా.